పువ్వు ఊడని రెండేళ్ళు

నేను ఒక గులాబీ పువ్వుల అచ్చును. అచ్చు అనగానే మీరు జంతికల గొట్టాన్నో కజ్జికాయల చెక్కనో తలుచుకుంటారు. వాటి జాతి వేరు, నా జాతి వేరు. నేను పోత ఇనుముతో చేసిన ఎనిమిది రేకుల పువ్వును. నా నడినెత్తిన జానెడు కడ్డీ, దాని చివర కర్రపిడి. నన్ను ముందు నూనెలో బాగా కాచి, మైదా, కోడిగుడ్డు, కొబ్బరిపాలు, పంచదార కలిపిన జారుడు పిండిలో అద్ది, మళ్ళీ నూనెలో పెడతారు. కాసేపాగి చిన్నగా కుదిపితే పిండి నన్ను వదిలేసి పువ్వై తేలుతుంది. క్రిస్మస్ నెలలో మా వీధిలో ఏ పిల్ల నోట్లో ఏది కరకరలాడినా అందులో సగం నా పుణ్యమే. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ముప్పై అయిదేళ్ళు నూనెలో కాగినవాడికి ఆ మాత్రం హక్కుంది.

నెల్లూరుకి ఆవల, రైలింజన్ల షెడ్డున్న ఊళ్ళో పుట్టాను. విరిగిపోయిన బ్రేకు దిమ్మెను కరిగించి జోజప్ప మేస్త్రీ నన్ను పోత పోశాడు. రైళ్ళను ఆపే ఇనుము పిండివంటల్లో పడిందని ఆయన పగలబడి నవ్వాడు. నన్ను చేయమని అడిగింది ఇంజను డ్రైవరు గారి భార్య, ఫ్లోరా దొరసాని. ఆమెకు డిసెంబరు వచ్చిందంటే పూనకమే. నిప్పులు పైనా కిందా పెట్టిన రేకు పెట్టెలో కొబ్బరి బిస్కెట్లు, అల్లం బిస్కెట్లు, సీసా మూతతో గుండ్రంగా కోసిన వెన్న బిస్కెట్లు కాల్చేది. అవన్నీ ఒక ఎత్తు, నేను ఒక ఎత్తు. నన్ను మాత్రం తను పట్టుకునేది కాదు, వంటమనిషి దీవెనమ్మకు ఇచ్చి పక్కన నిలబడి కేకలేసేది.

"డీవెనా! అంచు, అంచు!"

ఆ కేకలోనే నా విద్య అంతా ఉంది. పిండిలో నన్ను అంచు దాకా ముంచకూడదు, గోరంత వదలాలి. అంచు దాటి పిండి నా నెత్తికెక్కిందా, ఇక అంతే. నన్ను గట్టిగా కరుచుకుంటుంది, కుదిపినా కొట్టినా ఊడదు, కత్తితో పొడిచి ముక్కలు ముక్కలుగా తీయాల్సిందే. దీవెనమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఒక్క రోజులో పట్టేసింది. ఆ గోరంతను ఆమె ఎన్నడూ తప్పలేదు. షెడ్డు మూతపడి దొరసాని కుటుంబం మద్రాసు వెళ్ళిపోతూ, సామాన్లన్నీ వేలం వేసి, నన్ను మాత్రం దీవెనమ్మ చేతిలో పెట్టింది.

అలా నేను పేటలోని దీవెనమ్మ ఇంటికొచ్చాను. చర్చి వెనక వరసలో పద్నాలుగు ఇళ్ళు. మొదట్లో ఒక్కో ఇంటికీ అరువు వెళ్ళేవాణ్ణి. ఒకామె నన్ను బావి గట్టు మీద మరిచిపోయింది, ఒకామె మొగుడు నాతో మేకు కొట్టాడు. దీవెనమ్మకు ముక్కు మీద కోపం. "ఇంక ఈ అచ్చు నా గడప దాటదు. కావాలంటే మీరే రాండి" అంది. ఆనాటి నుంచి డిసెంబరు ఇరవైన పొద్దున్నే వరస ఆడవాళ్ళంతా పిండి, గుడ్లు, కొబ్బరికాయలు తెచ్చుకుని ఆమె పెరటి వసారాలో చేరేవాళ్ళు. ఒకరు దువ్వెన మీద గవ్వలు నొక్కుతారు, ఒకరు బిస్కెట్లు కోస్తారు, ఒకరు ఇసక పోసిన పెద్ద గిన్నెలో వాటిని కాలుస్తారు. బాండలి ముందు పీట మాత్రం దీవెనమ్మది. అయినవన్నీ పద్నాలుగు వాటాలు వేసుకునేవాళ్ళు. అవి పళ్ళేల్లో సర్ది, పైన గుడ్డ కప్పి, ఇరవై నాలుగున వీధి వీధంతా పంచుకునేవాళ్ళు. ఎవరి పళ్ళెంలోనైనా పువ్వులు దీవెనమ్మవే. అది అందరికీ తెలుసు, ఆమెకు మరీ బాగా తెలుసు.

నా విషయంలో ఆమెకు ఒక చట్టం ఉండేది. నన్ను సబ్బుతో తోమకూడదు. గుడ్డతో తుడిచి, నూనె రాసి, మేకుకు తగిలించాలి. ఏళ్ళ తరబడి పట్టిన నూనె పొరే నా బలం, అదుంటేనే పిండి నన్ను వదులుతుంది. ఇది నిజమే, కాదనను.

ఇప్పుడు హెప్సిబా సంగతి చెప్పాలి. దీవెనమ్మ కొడుకు దానియేలు స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అతని భార్య హెప్సిబా. ఒంగోలు పిల్ల, మాట తక్కువ, చెయ్యి చురుకు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె కళ్ళు నా మీదే ఉండేవి. ఏటా గవ్వలు నొక్కుతూనే అత్త మణికట్టు ఎలా తిరుగుతుందో చూసేది. ఆరేళ్ళు చూసింది. చివరికి దీవెనమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చింది. "ఈ ఏడు పువ్వులు నువ్వు తియ్యాలమే. మొదటి నాలుగు నేను తీసి చూపిస్తా, ఆనక పీట నీది." ఆ పిల్ల ముఖం చూడాలి మీరు! ఆ రోజంతా పాటలు పాడుకుంటూ పని చేసింది.

ఆ సంబరంలోనే తప్పు చేసింది పాపం. పంతొమ్మిదో తారీఖు సాయంత్రం నన్ను మేకు మీంచి తీసి, ఒళ్ళంతా ఉన్న నల్లటి పొర చూసి, మురికి అనుకుంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు చూస్తారు, అచ్చు తళతళలాడాలనుకుంది. సబ్బు పెట్టి, కొబ్బరి పీచుతో బరబరా తోమింది. నాకు ప్రాణం పోయినంత పనయింది. కానీ తోమాక ఆమెకేదో అనుమానం వచ్చింది. వాళ్ళమ్మ దోసె పెనాన్ని తోమితే ఏం చేసేదో గుర్తు తెచ్చుకుని, నన్ను పొయ్యి మీద కాచి, వేరుశనగ నూనెలో మునిగేట్టు పెట్టింది. తెల్లారేసరికి నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ పొద్దుటికి ఇది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను బాగానే ఉన్నాను.

బాగా లేనిది దీవెనమ్మ చెయ్యి. ఆ చెయ్యి వణకడం ఆ ఏడు ఎండాకాలంలో మొదలైంది. బొటనవేలు దానంతటదే ఆడేది. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం, చర్చికి బయల్దేరేటప్పుడు కుడి చేతిని కొంగు కింద దాచుకోవడం ఆమె అప్పుడే నేర్చుకుంది. అందరి వంటలూ చేసిన చెయ్యి, నలుగురూ మెచ్చుకున్న చెయ్యి. ఆ చెయ్యి పోతే ఇక తనేమిటి? ఆ భయం ఆమెది. నాకు జాలేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఇరవయ్యో తారీఖు పొద్దున అందరూ చేరారు. నూనె కాగింది. దీవెనమ్మ నన్ను తీసి పిండిలోకి దించింది. గోరంత వదలాల్సిన చోట చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది. నేను నిండా మునిగాను. పువ్వు ఊడలేదు. రెండోసారి, మళ్ళీ మునిగాను. మూడోసారీ అంతే. వసారాలో అందరూ ఇటు తిరిగారు.

పక్కింటి ఎస్తేరమ్మకు నోరు ఊరుకోదు. "ఏందక్కా, నీ పువ్వు ఊడకపోవడమేంది? ఎన్నడన్నా చూసినామా!"

దీవెనమ్మ నన్ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. నేను తళతళలాడుతున్నాను.

"ఎవురు తోమింది దీన్ని?"

"నేనే అత్తా" అంది హెప్సిబా. "నల్లగా ఉందని సబ్బుతో..."

అంతే. దారి దొరికింది. మునిగిపోయేవాళ్ళు ఏది దొరికినా పట్టుకుంటారు, ఆమె కోడల్ని పట్టుకుంది. "అదీ సంగతి! సబ్బు పెట్టి తోమిందంట తల్లి. దీని చెయ్యి పడినాక ఇంకేం ఊడతాది పువ్వు?" అంది. కోపంగా అనలేదు, నవ్వుతూ అంది. అందరూ నవ్వారు. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, మోచెయ్యి మోకాలికి ఆనించి, ఎలాగో నాలుగు వాయిలయ్యాక ఒక పువ్వు తీసింది. "చూసినారా, మళ్ళా జిడ్డు పట్టించి దారికి తెచ్చినా" అంది. పీట కోడలికి ఇవ్వలేదు. ఇస్తే మొదటి పువ్వే ఊడి వచ్చేది, అది ఆమెకు తెలుసు.

మనుషుల మాటలకు కాళ్ళుంటాయని నేను ఊహించలేదు. ఆ మాట వరస దాటింది, చర్చి దాటింది. ఎస్తేరమ్మ కూతురి పెళ్ళిలో లడ్డూలు చుట్టడానికి హెప్సిబా కూర్చోబోతే, "నువ్వు ఆ ఏలకులు ఒలువు తల్లీ" అని పక్కకు పంపారట. ఆవకాయ కలిపేటప్పుడు జాడీ పక్కకు జరిపారట. ఎవరూ తిట్టలేదు, అందరూ పరాచికాలే. పరాచికం కాబట్టి ఆమె పోట్లాడటానికీ లేకపోయింది. మొగుడితో చెప్పుకుంటే, "అమ్మకు తెలీకుండా మాట్లాడుద్దా ఏంది, సబ్బు పెట్టింది నువ్వే గదా" అన్నాడు. ఆ రోజు హెప్సిబా వంటింట్లో, నా మేకు కిందే కూర్చుని ఏడ్చింది. ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. నోరుంటే చెప్పేవాణ్ణి. ఇనుముకు నోరివ్వకుండా చెవులిచ్చిన జోజప్ప మేస్త్రీని ఆ రోజు తిట్టుకున్నాను.

రెండో ఏడు దీవెనమ్మ సగం పువ్వులు పాడుచేసింది. "ఆ సబ్బు దెబ్బ ఇంకా వదల్లేదు" అంది. అందరూ తలలూపారు. సబ్బు పెట్టి ఏడాదయిందే, ఈ మధ్యలో నూనె ఎంత తాగానో ఒక్కరైనా ఆలోచించారా? దీవెనమ్మ చెప్పింది కాబట్టి అది నిజం. హెప్సిబా మూలన కూర్చుని గవ్వలు నొక్కింది. ఎవరైనా పిలిచినా, "నేను ముట్టుకోనులే" అనడం మొదలుపెట్టింది. తన చెయ్యి మంచిది కాదని తనే నమ్మేసింది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే.

మూడో ఏడు. అదే ఇరవయ్యో తారీఖు, అదే వసారా. దీవెనమ్మ వణుకు మోచేతి దాకా పాకింది. నూనెలో కాగిన నన్ను పైకి తీసిందో లేదో, పిడి ఆమె వేళ్ళలోంచి జారింది. నేను గచ్చు మీద పడి దొర్లుకుంటూ హెప్సిబా దగ్గరకు వెళ్ళాను. ఆమె చప్పున గుడ్డ తీసుకుని నన్ను అందుకోబోయింది.

కెజియా అరిచింది. కెజియా హెప్సిబా కూతురు, ఆరేళ్ళది.

"అమ్మా! నువ్వు ముట్టుకోబాక! నువ్వు ముట్టుకుంటే పువ్వు ఊడదు!"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. "అబ్బో, ఈ పిలకాయకు కూడా తెలిసిపోయిందే!" అంది ఎస్తేరమ్మ. హెప్సిబా చెయ్యి వెనక్కి తీసుకుంది. వేడి తగిలి తీసుకున్నట్టు కాదు, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు తీసుకుంది. కూతురి ముఖం వైపు చూడలేదు. దువ్వెన తీసుకుని మళ్ళీ గవ్వలు నొక్కసాగింది. కళ్ళలోంచి నీళ్ళు పిండిలో పడుతున్నాయి, తుడుచుకోలేదు.

దీవెనమ్మ నవ్వలేదు. మనవరాలి వైపు, కోడలి వైపు చూసింది. వంగి నన్ను తీసుకుంది. నన్ను మళ్ళీ నూనెలో కాచి, పిండి గిన్నె పైన పట్టుకుంది. ఈసారి ఎడమ చెయ్యి సాయం రాలేదు. కొంగు పక్కకు తోసేసింది.

"ఎస్తేరా, ఇట్టా చూడు. అందరూ చూడండి."

నేను గిన్నె మీద గాలికి ఊగే ఆకులా ఆడుతున్నాను. ఆమె నన్ను పిండిలోకి దించింది. ఎప్పటిలాగే నిండా మునిగాను.

"సబ్బు కాదు" అంది దీవెనమ్మ. "ఈ ఏడూ కాదు, పోయినేడూ కాదు, ఆ రోజూ కాదు. నా చెయ్యి."

ఎస్తేరమ్మ కంగారు పడింది. "దానికేముందిలే అక్కా, వయసు మీద పడితే ఎవురికైనా వణకతాది. డాక్టరుకు చూపిస్తే..."

"వణుకు గురించి కాదుమే నేను చెప్పేది! నా చెయ్యి పోయిందని మీకు తెలిస్తే తలెత్తుకోలేనని దీని మీదకి తోసేసినా. తెలిసే తోసేసినా."

కెజియా నోరు తెరుచుకుని చూస్తోంది. "అవ్వా, నువ్వు అబద్ధం చెప్పినావా?"

"చెప్పినా."

హెప్సిబా తలెత్తింది. "అప్పుడే తెలుసా అత్తా నీకు?"

"అప్పుడే తెలుసు."

"నేను వంటింట్లో ఏడ్చిననాడు?"

"ఆనాడు నేను వాకిట్లోనే ఉన్నా. విన్నా."

దానికి హెప్సిబా ఏమంటుందోనని పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళూ ఆమె వైపు తిరిగారు.  దీవెనమ్మ నన్ను ఆమె వైపు చాచింది. ఆమె తీసుకోలేదు. లేచి పెరట్లోకి నడిచి, కుళాయి తిప్పి, చేతులకంటిన పిండి కడుక్కోసాగింది. కడుక్కుంటూనే ఉంది. ఇక్కడ బాండలిలో నూనె పొగ చిమ్ముతోంది, ఒక్కరికీ లేచి మంట తగ్గించాలని తోచలేదు. ఇక రాదేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, రాకపోతే తప్పు పట్టేవాణ్ణి కూడా కాదు.

ఆమె వచ్చింది. వచ్చి మంట తగ్గించింది.

"లే అత్తా. ఆ పీట ఇటియ్యి."

దీవెనమ్మ లేచింది. హెప్సిబా నాకు కరుచుకున్న పిండిని కత్తితో గీకి తీసి, నన్ను తుడిచి, నూనెలో కాచింది. పిండి గిన్నె ముందు ఆమె చేతిలో పడటం నాకు అదే మొదటిసారి. పిండిలోకి దించింది. గోరంత వదిలింది. నూనెలో పెట్టి, ఆగి, చిన్నగా కుదిపింది. పువ్వు ఊడింది. ఎనిమిది రేకులతో, పల్చగా, నురగ మధ్య తేలింది. ఎవరో చప్పట్లు కొట్టబోతే హెప్సిబా ఒక్క చూపు చూసింది, ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ రోజు ఆమె నాలుగు వందల పువ్వులు తీసింది. ఒక్కటీ విరగలేదు.  మూలన దీవెనమ్మ గవ్వలు నొక్కుతూ కూర్చుంది. అవన్నీ వంకర్లు పోయాయి, కెజియా వాటిని ఏరి పక్కన పెడుతూ వచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య "అన్నం పెట్టనా", "పెట్టు" తప్ప మాటల్లేవు. దానియేలు ఒకసారి నా మేకు దగ్గర నిలబడి, భార్యతో ఏదో చెప్పబోయి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు మళ్ళీ వచ్చి, "నేనన్నా అమ్మను అడగాల్సింది హెప్సీ" అన్నాడు. ఆమె "ఊఁ" అని కూర కలుపుతూ పోయింది. నేను తుప్పు పట్టనంత మాత్రాన వంటింట్లో అంతా సరిగ్గా ఉందని కాదు.

ఇరవై నాలుగున పళ్ళేలు సర్దారు. గవ్వలు, కొబ్బరి బిస్కెట్లు, వెన్న బిస్కెట్లు, పైన పువ్వులు. ఏటా హెప్సిబానే పంచి వచ్చేది, ప్రతి గడపలోనూ "మా అత్త పంపింది" అనేది. ఈసారీ ఆమే వెళ్ళింది, కెజియాను వెంటబెట్టుకుని. ఆమె ఏమందో నేను వినలేదు, మేకుకు వేలాడుతున్నవాణ్ణి. తిరిగొచ్చాక కెజియా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అవ్వకు చెబుతుంటే విన్నాను.

"అవ్వా, అమ్మ అన్ని ఇళ్ళకాడా ఒకటే మాట చెప్పింది. 'నేను చేసినయ్యి' అనింది. ఎస్తేరమ్మవ్వ ఇంటికాడ రెండుసార్లు చెప్పింది!"

దీవెనమ్మ "మంచిదమ్మా" అంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది ఆడుతూనే ఉంది, దాచుకోలేదు.

కాసేపటికి హెప్సిబా వచ్చింది. చేతిలో ఇంకో పళ్ళెం ఉంది, పొరుగిళ్ళకు ఇచ్చినట్టే పైన గుడ్డ కప్పి. వంటింట్లో అత్త ముందు నేల మీద పెట్టి, గుడ్డ తీసింది.

"నేను చేసినయ్యి అత్తా. తిని చెప్పు."

దీవెనమ్మ ఒక పువ్వు తీసుకుంది. నోటి దాకా వెళ్ళేలోపే అది వేళ్ళలో విరిగి, రేకులు ఒళ్ళో రాలాయి. వాటిని ఒక్కొక్కటే ఏరుకుని తింది. తొందరపడకుండా నమిలింది. ముప్పై అయిదేళ్ళుగా ఎవరి వంట తిన్నా ఏదో ఒక వంక పెట్టిన మనిషి.

"నా వాటికంటే పల్చగా వచ్చినాయి" అంది.

"రెండేళ్ళ ముందు కూడా ఇట్నే వచ్చుండేవి."

దీవెనమ్మ కోడలి కళ్ళలోకి చూసింది.

"వచ్చుండేవి" అంది.

 హెప్సిబా కింద కూర్చుని, అత్త ఒళ్ళో మిగిలిన పొడి దులిపేసి, పళ్ళెంలోంచి ఇంకో పువ్వు తీసి, విరగకుండా ఆమె నోటికి అందించింది.